హెచ్‌1బి వాళ్ల పిల్లల పౌరసత్వం: ఈ లా ప్రొఫెసర్లు దేని గురించి కొట్టుకుంటున్నారు?

ఫ్రిస్కో_సుబ్బు (9 డిసెంబర్ 2025, రాత్రి 1:40)

అందరికీ నమస్కారం. రోజూ చదివి వెళ్లిపోయేవాడినే, రాయడం మాత్రం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

నేను హెచ్‌1బి (ఉద్యోగ వీసా), మా ఆవిడ హెచ్‌4 (నా మీద ఆధారపడ్డ వీసా). నేను 2013లో ఎమ్మెస్‌కి వచ్చా, 2018లో గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 అప్రూవ్ అయింది, మా ఈబీ2 గ్రీన్‌కార్డు క్యూ చూస్తే ఇంకా 2013లో వేసిన వాళ్ల దగ్గరే తచ్చాడుతోంది, నా వంతు ఎప్పటికో దేవుడికే తెలియాలి. ఫిబ్రవరి చివర్లో డెలివరీ. మా లాంటి టెంపరరీ వీసాల వాళ్లకీ, కాగితాల్లేని వాళ్లకీ ఇక్కడ పుట్టే పిల్లలకి పౌరసత్వం లేదని ట్రంప్ ఆర్డర్ వేశాడుగా, దాని మీద మొన్న 5న సుప్రీంకోర్టు బర్త్‌రైట్ సిటిజన్‌షిప్ కేసు విచారణకి తీసుకుందని వార్త వచ్చిన దగ్గర్నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. మా వాట్సాప్ గ్రూపులో ఒకడేమో జార్జ్‌టౌన్ ప్రొఫెసరే ట్రంప్ వాదనలో పస ఉందన్నాడని లింకు పంపుతాడు, ఐదు నిమిషాలకి ఇంకొకడు దేశంలోని ప్రొఫెసర్లందరూ ఆ ఆర్డర్ చెల్లదంటున్నారని ఇంకో లింకు పంపుతాడు. రెండూ చదివా. నేను డేటాబేస్ మనిషిని, నాకర్థమైంది శూన్యం.

నా డౌట్లు ఇవి. అమెరికా రాజ్యాంగం 14వ సవరణలో పుట్టుకతో పౌరసత్వం గురించి ఉన్నది ఒక్క వాక్యం. దాని మీద 1898లోనే తీర్పొచ్చేసిందంటారు. మరి 127 ఏళ్ల తర్వాత వీళ్లకి కొత్తగా ఏం కనబడింది? అసలు ప్రొఫెసర్లు రాసే వ్యాసాలు జడ్జీలు చదువుతారా, లేక వాళ్లలో వాళ్లే చదువుకుంటారా? ఈ డొమిసైల్ గోల ఏంటి, అది మాకు మంచిదా చెడ్డదా?

పార్టీల గొడవ దయచేసి వద్దు. దానికి వేరే థ్రెడ్లు చాలా ఉన్నాయి.

---

నల్లకోటు_జెర్సీ (9 డిసెంబర్, ఉదయం)

సుబ్బు గారూ, ముందు ఊపిరి పీల్చుకోండి. ఆ ఆర్డర్ ఇవాళ్టికి అమల్లో లేదు. న్యూ హాంప్‌షైర్‌లో లప్లాంట్ అనే జడ్జి (ఈయన్ని వేసింది బుష్) జూలై 10న ఫిబ్రవరి 20 తర్వాత పుట్టిన, పుట్టబోయే పిల్లలందరినీ ఒక క్లాస్‌గా చేసి (అంటే అందరి తరఫునా ఒకే కేసు) ఆర్డర్‌ని ఆపేశాడు. సుప్రీంకోర్టు ఇప్పుడు తీసుకున్నది ఆ కేసే, ట్రంప్ వర్సెస్ బార్బరా. బార్బరా అన్నది మారుపేరు. మీ బిడ్డ పుట్టబోయే పిల్లల లెక్కలో ఉంది.

నేను ఇక్కడ లా చదివి ప్రాక్టీస్ చేస్తున్నా, కానీ నాది ఇమ్మిగ్రేషన్ కాదు, రియల్ ఎస్టేట్. కాబట్టి ఇది సలహా కాదు, కబుర్లనుకోండి.

ఆ వాక్యానికి వద్దాం. ఇక్కడ పుట్టి, లేదా ఇక్కడ నేచురలైజ్ అయ్యి, "ఈ దేశపు జురిస్డిక్షన్‌కి లోబడిన" వాళ్లందరూ పౌరులే అంటుంది. పుట్టడం గురించి గొడవ లేదు, ఫోటోతో సహా హాస్పిటల్ వాళ్లే చెబుతారు. తగువంతా జురిస్డిక్షన్ (అధికార పరిధి) అన్న మాట దగ్గరే. మామూలుగా చూస్తే ఈ దేశపు చట్టం నిన్ను పట్టుకోగలిగితే నువ్వు లోబడినట్టే. టోల్‌వే మీద తొంభైలో వెళ్తే మీకు టికెట్ పడుతుంది, అదే రాయబారి వెళ్తే పడినా వసూలు కాదు. అందుకే రాయబారుల పిల్లలకి పౌరసత్వం రాదు. అలాగే శత్రుసైన్యం ఆక్రమించిన చోట పుట్టిన పిల్లలు, అప్పట్లో తమ తెగల పాలనలో ఉన్న నేటివ్ అమెరికన్ల పిల్లలు. 1884లో జాన్ ఎల్క్ అనే ఆయన తెగని వదిలేసి ఒమాహాలో ఉంటూ ఓటు అడిగితే నువ్వు పుట్టుకతో పౌరుడివి కాదు పొమ్మంది సుప్రీంకోర్టు. వాళ్లందరికీ పౌరసత్వం వచ్చేసరికి 1924 అయింది. అది వేరే కడుపుమంట.

మీరు 1898 అన్నది వాంగ్ కిమ్ ఆర్క్ కేసు. శాన్‌ఫ్రాన్సిస్కోలో శాక్రమెంటో వీధి 751 నంబర్లో 1873లో పుట్టాడు. అమ్మానాన్నలు చైనా వాళ్లు, వ్యాపారం చేసుకునేవాళ్లు, 1890లో తిరిగి వెళ్లిపోయారు. ఇతను చైనా వెళ్లి 1895 ఆగస్టులో తిరిగొస్తే నువ్వు పౌరుడివి కాదని దిగనివ్వలేదు, నెలల తరబడి ఓడ నుంచి ఓడకి మారుస్తూ రేవులోనే ఉంచారు. ఊరు ఎదురుగా కనబడుతూ ఉంటుంది, కాలు పెట్టడానికి లేదు. చివరికి 6-2తో గెలిచాడు.

ఇక అసలు చిక్కు డొమిసైల్, అంటే ఉండిపోవాలని స్థిరపడ్డ నివాసం. ఆ తీర్పులో జస్టిస్ గ్రే వాంగ్ తల్లిదండ్రుల గురించి చెబుతూ వాళ్లకి ఇక్కడ "శాశ్వత డొమిసైల్, నివాసం" ఉన్నాయని రాశాడు. మిన్నెసోటా ప్రొఫెసర్ ఇలాన్ వుర్మన్ లాంటి వాళ్లు ఈ మాట పట్టుకున్నారు. ఇక్కడే స్థిరపడిన వాళ్ల పిల్లల గురించే ఆ తీర్పు, టూరిస్టులు, స్టూడెంట్లు, టెంపరరీ వర్కర్ల గురించి కోర్టు ఏమీ తేల్చలేదు అని. అవతలి వాళ్లు చెప్పేదేంటంటే, అది కేవలం ఈ కేసు వివరం, తీర్పు నిలబడింది 1608 నాటి ఇంగ్లండు కాల్విన్ కేసు దగ్గర్నుంచి వస్తున్న రూల్ మీద, దాని ప్రకారం రాజు నేల మీద ఉన్నంతసేపూ, రెండు రోజులకొచ్చినవాడైనా, తాత్కాలికంగా రాజుకి విధేయుడే, అక్కడ పుట్టిన బిడ్డ రాజు మనిషే. పైగా గ్రే తన తీర్పులోనే డేనియల్ వెబ్‌స్టర్ రాసినది ఎత్తి చూపాడు. ఉండాలనే ఉద్దేశం ఉన్నా లేకున్నా, డొమిసైల్ ఉన్నా లేకున్నా, ఒక దేశంలో ఉన్నంతకాలం ఆ చట్టానికి పరాయివాడు లోబడాల్సిందే అని. నన్నడిగితే వాదన ఇక్కడే అయిపోవాలి. కానీ లాయర్లకి ఒక మాట దొరికితే వదలరు, నన్ను చూస్తున్నారుగా ఎంత పొడుగు రాశానో.

ఇంకోటి మర్చిపోయా. 1844లో న్యూయార్క్‌లో ఒక ఆస్తి తగాదా నడిచింది, లించ్ వర్సెస్ క్లార్క్. జూలియా లించ్ అనే అమ్మాయి 1819లో న్యూయార్క్‌లో పుట్టింది, అమ్మానాన్నలు కొంతకాలం ఉందామని వచ్చిన ఐర్లండు వాళ్లు, బిడ్డని తీసుకుని వెనక్కి వెళ్లిపోయారు. ఆమె పౌరురాలేనని తీర్పు. ఈ రోజుల్లో చెప్పాలంటే విజిటర్ వీసా మీద వచ్చి కని వెళ్లిపోయిన కేసు. డొమిసైల్ వాదం చేసేవాళ్లు ఈ కేసు దగ్గరకొచ్చేసరికి అది ఒక రాష్ట్ర కోర్టు తీర్పే కదా అని పక్కకి జరుగుతారు.

---

లైన్లో_నిలబడ్డవాడు (9 డిసెంబర్, ఉదయం)

అన్నా ఇవన్నీ పక్కన పెట్టు. జడ్జీలు ముందే డిసైడ్ అయ్యి ఉంటారు, ప్రొఫెసర్లది పెళ్లి కుదిరాక జాతకాలు కలిపినట్టు. ఎవడికి కావాల్సిన చరిత్ర వాడికి దొరుకుతుంది. సుబ్బు, ప్రశాంతంగా పడుకో.

---

చరిత్ర_టీచరమ్మ (9 డిసెంబర్, మధ్యాహ్నం)

లైన్లో గారూ, జాతకాల పోలిక బాగుంది, కానీ ఈ ఒక్క సంవత్సరంలోనే ప్రొఫెసర్ల వ్యాసం వల్ల సుబ్బు గారి లాంటి వాళ్లకి నేరుగా దెబ్బ తగిలింది, అది చెబుతాను. నేను లా కాదు, చరిత్ర, ఇక్కడ మిడ్‌వెస్ట్‌లో పాఠాలు చెబుతాను, మా బిల్డింగ్ పక్కనే లా స్కూలు, కాఫీ దగ్గర వాళ్ల గొడవలు వింటూ ఉంటాను.

2017లో శామ్యూల్ బ్రే అనే ప్రొఫెసర్ హార్వర్డ్ లా రివ్యూలో ఒక వ్యాసం రాశాడు. ఒక జడ్జి కేసు వేసిన వాళ్లకి మాత్రమే కాకుండా దేశమంతటికీ వర్తించేలా ప్రభుత్వాన్ని ఆపడం పాత ఇంగ్లండు ఈక్విటీ కోర్టుల్లో (ఇలాంటి ఆపుదల ఉత్తర్వులిచ్చే కోర్టులు) లేదు, అది ఇటీవలి అలవాటు అని. మూడేళ్లకి మిలా సొహోనీ అనే ప్రొఫెసర్ అదే పత్రికలో ఎదురు వ్యాసం రాసింది, నూరేళ్ల కిందటే ఇలాంటి ఆర్డర్లు ఉన్నాయి, ఇవిగో చూడండి అని. అప్పట్లో ఇదంతా ఎవరికీ పట్టని గొడవే. తర్వాత ఈ జూన్ 27న ట్రంప్ వర్సెస్ కాసా తీర్పులో జస్టిస్ బారెట్ 6-3తో బ్రే వైపు మొగ్గింది, ఆయన వ్యాసాన్ని పదేపదే ఉటంకిస్తూ. అప్పటిదాకా దేశమంతా ఆర్డర్‌ని ఆపి ఉంచిన ఉత్తర్వులు ఆ పూటకి కుదించుకుపోయాయి. లాయర్లు గబగబా క్లాస్ యాక్షన్ దారి పట్టారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏ రాష్ట్రంలో పుడితే ఏమవుతుందో చూసుకుని కాన్పుకి వెళ్లాల్సిన పరిస్థితి. కాబట్టి చదువుతారండీ. అన్నీ చదవరు. అవసరం పడ్డవి చదువుతారు.

ఇక్కడ మనవాళ్లు ఆశ్చర్యపోయే విషయం ఒకటుంది. మా చరిత్రలో వ్యాసం పంపితే అదే రంగంలో తలపండిన ఇద్దరు ముగ్గురు చదివి ఉతికి ఆరేస్తారు, ఏడాది పడుతుంది. లా రివ్యూల్లో ఎక్కువ భాగం నడిపేది లా స్టూడెంట్లు! రెండో ఏడు, మూడో ఏడు పిల్లలు. ఏ ప్రొఫెసర్ వ్యాసం వేయాలో వాళ్లే నిర్ణయిస్తారు, ఫుట్‌నోట్లు ఒక్కోటీ సరిచూస్తారు, ఒక వ్యాసానికి మూడు నాలుగు వందల ఫుట్‌నోట్లుంటాయి. కష్టపడతారు పాపం, కానీ ఈ సవరణ మీద చర్చించిన 1866 నాటి సెనేట్ గురించి ఒక ప్రొఫెసర్ తప్పు చెబితే పట్టుకునే అనుభవం వాళ్లకి ఎక్కడిది. దానికి తోడు అచ్చవ్వక ముందే అందరూ డ్రాఫ్టులు నెట్‌లో పెట్టేస్తారు. కోర్టు గడువుకి అందాలిగా మరి.

ఈ తగాదాలో నాకు బాగా నచ్చిన ముచ్చట చెప్పనా? సుబ్బు గారికి లింకొచ్చిన ఆ జార్జ్‌టౌన్ ప్రొఫెసర్ పేరు ర్యాండీ బార్నెట్. ఫిబ్రవరిలో ఆయనా వుర్మనూ కలిసి న్యూయార్క్ టైమ్స్‌లో రాశారు. నాలుగేళ్ల ముందు ఇదే బార్నెట్ 14వ సవరణ అసలు అర్థం మీద ఒక లావుపాటి పుస్తకం రాశాడు, దానికి సహ రచయిత ఎవాన్ బెర్నిక్. ఇప్పుడు ఆ బెర్నిక్ ఇంకో ఇద్దరితో, పాల్ గౌడర్, ఆంథొనీ మైకేల్ క్రైస్‌లతో కలిసి బార్నెట్‌కి వ్యతిరేకంగా ఘాటుగా రాశాడు. ఒకే సవరణ మీద ఒకే పుస్తకం కలిసి రాసిన ఇద్దరు ఒకే వాక్యం దగ్గర విడిపోయారు. కాబట్టి ఇది పార్టీల లెక్కలో తేలే గొడవ కాదు. మైకేల్ రామ్‌సే అని శాన్ డియాగోలో ఒకాయన, పాత అర్థమే ప్రమాణమనే ఒరిజినలిస్టు, ఆయన 2020లోనే వ్యాసం రాసి, నాకు నచ్చినా నచ్చకపోయినా ఆ రోజుల్లో ఆ మాటలకున్న అర్థం ప్రకారం టెంపరరీగా వచ్చిన వాళ్ల పిల్లలూ, కాగితాల్లేని వాళ్ల పిల్లలూ పౌరులే అని తేల్చాడు. బుష్ దగ్గర పనిచేసిన జాన్ యూ కూడా ఆ మాటే అంటాడు.

---

ఫ్రిస్కో_సుబ్బు (9 డిసెంబర్, రాత్రి)

టీచరమ్మ గారూ, నల్లకోటు అన్నా, చాలా థాంక్స్. మా ఆవిడకి చదివి వినిపించా, ఓడలో ఉంచారన్న దగ్గర ఆపమంది.

బార్నెట్ వాళ్లు సరిగ్గా ఏమన్నారు? అది మాకు తగులుతుందా?

ఇంకోటి, సిగ్గు లేకుండా అడిగేస్తున్నా. డొమిసైల్ అంటే స్థిరనివాసమే అయితే నాకు ఉన్నట్టే కదా? పన్నెండేళ్లు, ఇల్లు కొన్నా, మార్ట్‌గేజ్ ముప్ఫై ఏళ్లు, ట్యాక్సులు కడుతున్నా, పెరట్లో గోంగూర కూడా వేశా. మరి వాళ్ల రూలే పెట్టినా మేం పాస్ అయిపోతాం కదా?

---

నల్లకోటు_జెర్సీ (9 డిసెంబర్, రాత్రి)

గోంగూర ఎవిడెన్స్ కింద పెట్టొచ్చు, నేను ఆర్గ్యూ చేస్తా.

బార్నెట్, వుర్మన్‌ల వాదన టూకీగా: పౌరసత్వం అంటే ఇచ్చిపుచ్చుకోవడం. నువ్వు చట్టానికి విధేయత ఇస్తావు, రాజ్యం నీకు రక్షణ ఇస్తుంది. రాయబారీ శత్రుసైనికుడూ ఆ ఒప్పందంలో లేరు కాబట్టి వాళ్ల పిల్లలు బయట. చట్టాన్ని ధిక్కరించి దొంగదారిన లోపలికొచ్చినవాడు కూడా ఆ విధేయత ఇవ్వలేదుగా, అని. దీనికి జవాబు తేలిక. దొంగదారిన వచ్చినవాడిని పోలీసు పట్టుకుంటాడు, కోర్టు శిక్షేస్తుంది, జైల్లో పెడతారు. రాయబారిని ఇవేవీ చేయలేరు. మరి ఎవరు లోబడినట్టు? చట్టం ఉల్లంఘించాడంటేనే చట్టం వర్తిస్తుందని ఒప్పుకున్నట్టు.

సరే, ఆ విధేయత లెక్క మన హెచ్‌1బి వాళ్లకి తగలదు. మనం స్టాంపు వేయించుకుని, వేలిముద్రలిచ్చి, దణ్ణం పెట్టి వచ్చినవాళ్లం. మనల్ని బయట పెట్టాలంటే రెండో కర్ర కావాలి, అదే డొమిసైల్.

ఇక మీ రెండో ప్రశ్న. దీని మీద ఒక పాత తీర్పుంది, ఈ గొడవలో ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ నాకు ఇష్టం. ఎల్కిన్స్ వర్సెస్ మొరెనో, 1978. ప్రపంచ బ్యాంకు లాంటి సంస్థల్లో జీ4 వీసా మీద పనిచేసే వాళ్ల పిల్లలు మేరీల్యాండ్ యూనివర్సిటీలో ఇన్‌స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రం వాళ్లకుండే తక్కువ ఫీజు) అడిగారు. యూనివర్సిటీ ఏమో మీవి టెంపరరీ వీసాలు, మీకు డొమిసైల్ ఉండే వీల్లేదు అంది. సుప్రీంకోర్టు ఏమందంటే, ఫెడరల్ చట్టం కొన్ని వీసాలకి "సొంత దేశంలో ఇల్లు వదులుకునే ఉద్దేశం ఉండకూడదు" అని షరతు పెట్టింది, జీ4కి పెట్టలేదు, కాబట్టి వాళ్లు ఇక్కడ డొమిసైల్ ఏర్పరచుకోవడానికి ఫెడరల్ చట్టం అడ్డం కాదు అని. హెచ్‌1బికి కూడా ఆ షరతు ఉండేది, 1990 చట్టంలో తీసేశారు. అందుకే మీరు గ్రీన్‌కార్డుకి అప్లై చేసినా వీసాకి ఇబ్బంది రాదు, డ్యుయల్ ఇంటెంట్ అంటారే అది. కాబట్టి మీకు డొమిసైల్ ఉందని గట్టిగా వాదించొచ్చు. కానీ రెండు గొడవలు. ఒకటి, ట్రంప్ ఆర్డర్‌లో డొమిసైల్ పరీక్షే లేదు. తల్లి టెంపరరీ వీసా మీద ఉండి, తండ్రి పౌరుడూ గ్రీన్‌కార్డూ కాకపోతే అంతే, పన్నెండేళ్లయినా పన్నెండు రోజులైనా ఒకటే. రెండు, ఎఫ్1 స్టూడెంట్ వీసాకి ఆ షరతు ఇప్పటికీ ఉంది. అంటే ఈ దారిన పోతే మీరు గట్టెక్కొచ్చు, మీ తమ్ముడు ఎమ్మెస్ చేస్తూ ఉంటే వాడి బిడ్డ గట్టెక్కదు.

---

లైన్లో_నిలబడ్డవాడు (9 డిసెంబర్, రాత్రి)

అయితే హెచ్‌1బి వాళ్లని మాత్రం వదిలేయమని మన సంఘాల వాళ్లు కోర్టులో వేయొచ్చుగా. మనం లీగల్. బోర్డర్ దూకి వచ్చినవాళ్లతో మనల్ని కలిపి కొట్టడం ఏంటి, అదే నా బాధ. పురుగులతో గోధుమలు నలిగినట్టు నలుగుతున్నాం.

---

అట్లాంటా_రాధ (10 డిసెంబర్, ఉదయం)

సామెత తిప్పి చెప్పారు తమ్ముడూ, పురుగు ఎవరో గోధుమ ఎవరో కాస్త చూసుకోండి.

నా పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. పెద్దది పుట్టినప్పుడు నేను హెచ్‌4, చిన్నోడు పుట్టినప్పుడు మా ఆయన ఉద్యోగం పోయి, ఇంకోటి వెతుక్కోవడానికిచ్చే అరవై రోజుల గ్రేస్ పీరియడ్‌లో ఉన్నాం, అందులో యాభై మూడో రోజు. ఇంకో వారం దాటి ఆలస్యమైతే మేం ఏ లైన్లో ఉండేవాళ్లం చెప్పండి? లీగల్‌కీ ఇల్లీగల్‌కీ మధ్య గోడ ఉందనుకుంటాం, మన విషయంలో అది ఒక కంపెనీ హెచ్ఆర్ మెయిలు. ఆ ఏడు రోజుల తేడాతో నాకు పుట్టిన బిడ్డ ఏ దేశపు వాడో తేల్చడానికి ఒక ఆఫీసరు మా ఆయన పే స్టబ్బులు లెక్కపెట్టాలా? నర్సు వచ్చి బాబుకి పసుపు కామెర్లు ఉన్నాయండి లైటు కింద పెట్టాలి అంటుంటే నేను ఫోన్లో లాయరు మెయిలు చదువుతున్నా, ఇప్పటికీ ఆ గది గుర్తొస్తే చేతులు చల్లబడతాయి.

అందుకే నాకు డొమిసైల్ వాదన నచ్చదు, అది మనల్ని కాపాడినా సరే. పుట్టాడా లేదా అన్నది ఒక్క కాగితంతో తేలుతుంది. ఉద్దేశం అన్నది ఏ కాగితంతో తేలుతుంది?

---

లైన్లో_నిలబడ్డవాడు (10 డిసెంబర్, ఉదయం)

అక్కా సామెత విషయంలో సారీ. మిగతా దానికి నా దగ్గర జవాబు లేదు గానీ పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నా కూడా. ఒక రూల్ అంటూ ఉండాలి కదా, వచ్చి కనేసి పోతే?

---

చరిత్ర_టీచరమ్మ (10 డిసెంబర్, మధ్యాహ్నం)

వచ్చి కనేసి పోయేవాళ్ల గురించి 1866లో కూడా అడిగారు. మే 30న సెనేట్‌లో పెన్సిల్వేనియా సెనేటర్ కోవన్ లేచి, కాలిఫోర్నియాకి చైనా వాళ్లు వచ్చి పడితే వాళ్ల పిల్లలు కూడా పౌరులేనా, మా రాష్ట్రంలో తిరిగే జిప్సీల పిల్లలు కూడానా అని గోల పెట్టాడు. కాలిఫోర్నియా సెనేటర్ కానెస్, తనే ఐర్లండులో పుట్టి వచ్చినవాడు, అవును, చైనా వాళ్ల పిల్లలైనా సరే పౌరులే, మేం అలాగే అనుకుంటున్నాం అన్నాడు. ఇష్టం లేనివాడికీ ఇష్టమున్నవాడికీ ఆ మాటలకి ఒకటే అర్థం తోచింది, గమనించండి.

అప్పట్లో ఇల్లీగల్ వలస అనేదే లేదు కాబట్టి వాళ్లు దాని గురించి ఆలోచించలేదు అన్నది అవతలి వైపు పెద్ద వాదన. దీనికి గాబ్రియేల్ చిన్, పాల్ ఫింకెల్‌మన్ అనే ఇద్దరు 2021లో ఇచ్చిన జవాబు చదివినప్పుడు నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నా. 1808 నుంచి బయటి నుంచి బానిసలని తీసుకురావడం అమెరికాలో నేరం. అయినా దొంగచాటుగా తెచ్చారు. 1860లో క్లోటిల్డా అనే ఓడ నూటపది మంది ఆఫ్రికన్లని అలబామాలో మొబైల్ దగ్గర దించింది, ఆ తర్వాత ఓడని కాల్చేశారు. చట్టం లెక్కలో వాళ్లు దేశంలో ఉండకూడని వాళ్లే. మరి 14వ సవరణ ఎవరి కోసం వచ్చింది? నల్లజాతి వాళ్లు పౌరులు కారన్న 1857 డ్రెడ్ స్కాట్ తీర్పుని కొట్టేయడానికి. దొంగచాటుగా తెచ్చిన వాళ్ల పిల్లలని ఆ సవరణ వదిలేసిందని ఎవరైనా అనగలరా? వాళ్లు ఇష్టపడి రాలేదు, బలవంతంగా తెచ్చారు, పోలిక కుదరదు అంటారు అవతలి వాళ్లు. ఆ తేడా ఉన్నమాట నిజమే. కానీ అది తల్లిదండ్రుల తప్పొప్పుల గురించిన మాట, జురిస్డిక్షన్ గురించిన మాట కాదు.

మనవాళ్ల సంగతి ఒకటి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అప్లై చేసుకోలేరంది సుప్రీంకోర్టు, 1946 దాకా అంతే. ఆ ఇరవై మూడేళ్లలో కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసిన మన దేశపు తండ్రులు ఎన్నేళ్లున్నా పరాయివాళ్లే, అక్కడ పుట్టిన వాళ్ల పిల్లలు మాత్రం పౌరులు. ఆ పిల్లలకి అండగా నిలబడింది ఒక చైనా వంటవాడి కేసు. వాంగ్ వంటవాడండీ, అది చెప్పడం మర్చిపోయాం.

---

నల్లకోటు_జెర్సీ (10 డిసెంబర్, సాయంత్రం)

అవును వంటవాడే.

ఇంకో సన్నదారి ఉంది, దాని మీద ప్రొఫెసర్లకంటే లాయర్లకి ఆశ ఎక్కువ. ఆ వాక్యం రాజ్యాంగంలోనే కాదు, కాంగ్రెస్ 1940లో, మళ్లీ 1952లో మామూలు చట్టంలో కూడా అవే మాటలు పెట్టింది. సవరణ వచ్చిన 1868లో ఏమనుకున్నారో అని ఎంతైనా కొట్టుకోవచ్చు, కానీ 1940, 1952 నాటికి వాంగ్ తీర్పొచ్చి దశాబ్దాలయింది, అందరికీ తెలిసిన అర్థం ఒకటే. కాబట్టి రాజ్యాంగం జోలికి పోకుండా, ఆర్డర్ చట్టానికి విరుద్ధం అని రెండు పేజీల్లో తేల్చేయొచ్చు. పిరికిదారి అనండి, నాకు మాత్రం ఇష్టమే.

---

నాంపల్లి_వకీలు (11 డిసెంబర్, ఉదయం)

హైదరాబాద్ నుంచి రాస్తున్నా, ఆలస్యంగా చూశాను. అమెరికా వాళ్లని అనేముందు మన ఇంటి సంగతి కూడా చూడండి. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం మొదట్లో ఇక్కడ పుడితే చాలు, పౌరుడే. 1987 జూలై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి ఇద్దరూ పౌరులు కావాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. మన దగ్గర అది పార్లమెంటు చట్టంలో ఉంది కాబట్టి సవరించేశారు. వాళ్ల దగ్గర రాజ్యాంగంలో ఉంది కాబట్టి ఇంత రాద్ధాంతం.

సుబ్బు గారికి పనికొచ్చే ముక్క: ఏ కారణంగానైనా అక్కడ ఇవ్వమన్నారే అనుకోండి, మీరిద్దరూ భారత పౌరులు కాబట్టి పుట్టిన ఏడాదిలోపు కాన్సులేట్‌లో నమోదు చేయించి బిడ్డకి మన పౌరసత్వం తెచ్చుకోవచ్చు. కానీ బిడ్డకి వేరే దేశపు పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నాక ఈ దారి మూసుకుపోతుంది, అప్పుడు ఓసీఐనే (విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే జీవితకాల వీసా లాంటి కార్డు).

---

ఫ్రిస్కో_సుబ్బు (11 డిసెంబర్, రాత్రి)

అందరికీ పేరుపేరునా థాంక్స్. వకీలు గారూ, ఆ ఏడాది గడువు సంగతి నాకు అస్సలు తెలియదు, రాసి పెట్టుకున్నా.

ఇవాళ హాస్పిటల్ వాళ్లు ముందస్తు ఫారాలు పంపారు. నేను 2013 నుంచి ఉన్న ఐ-20లు, ఐ-797లు లాంటి వీసా కాగితాలు, పే స్టబ్బులు అన్నీ పెట్టిన లావుపాటి ఫైలు దించి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నా, ఏది అడుగుతారో అని. బర్త్ సర్టిఫికెట్ ఫారంలో తల్లి ఎక్కడ పుట్టింది అని ఉంది. ఎంత చదువుకుంది, పొగ తాగుతుందా అని కూడా ఉంది. వీసా ఏంటని ఎక్కడా లేదు. మా ఆవిడ తెనాలి అని రాసి, ఇంగ్లీషు స్పెల్లింగ్ తప్పేమో అని నన్నడిగి, కొట్టేసి మళ్లీ రాసింది.

---

నల్లకోటు_జెర్సీ (11 డిసెంబర్, రాత్రి)

అదే ఫారంలో సోషల్ సెక్యూరిటీ నంబర్ కావాలా అన్న చోట టిక్ పెట్టండి, మర్చిపోతే తర్వాత ఆఫీసు చుట్టూ తిరగాలి. సర్టిఫికెట్ చేతికి రాగానే పాస్‌పోర్టుకి అప్లై చేసేయండి, తీర్పు దాకా ఆగొద్దు. బిడ్డతో పాటు మీరిద్దరూ వెళ్లాలి. పోస్టాఫీసు స్లాటు ముందే చూసుకోండి, మీ ఊళ్లో మనవాళ్లే అన్నీ బుక్ చేసేస్తారు.

---

ఫ్రిస్కో_సుబ్బు (11 డిసెంబర్, రాత్రి)

టిక్ పెట్టేశాం అన్నా. ఫైలు మళ్లీ కింద గదిలోనే పెడదామంటే ఆ మూల ఉయ్యాలకి కావాలంట, మా ఆవిడ అటకెక్కించేయమంది.